ఎవరి బలవంతమూ లేకుండా

మార్చి 4

అత్తయ్యకు నమస్కారాలు.

మిమ్మల్ని ఇంకా ఇలా పిలవొచ్చో లేదో తెలియదు. విడాకుల కాగితం వచ్చి రెండేళ్ళు దాటింది. ఇకమీదట ఎవరిని ఏమని పిలవాలో ఆ కాగితంలో ఎవరూ రాయలేదు. అలవాటైన పిలుపు కాబట్టి ఉండనివ్వండి.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో మీకు తెలుసు. ఫోనులో మనిద్దరం బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నాక మూడో మాటకే పోట్లాటలో పడతాం. ఆదివారం ఫోను నా కూతురు పిచ్చుక కబుర్లకే వదిలేద్దాం. మన లెక్కలు కాగితం మీద తేల్చుకుందాం.

ఇక్కడ నా ఉద్యోగం ఖాయమైంది. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో ఇప్పుడు ముందుపళ్ళన్నీ నాకే ఇస్తున్నారు. నవ్వితే కనపడేవి కదా, చేయి తిరిగినవాళ్ళకే ఇస్తారు. రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. కిటికీ పక్కన పిచ్చుకకి మంచం వేశాను. అది ఖాళీగా ఉంటే చూడలేక దాని మీద ఉతికిన బట్టలు పెడుతున్నాను. బడిలో సీటు కూడా దొరికింది. ఆగస్టులో తరగతులు మొదలు. ఆలోగా పిల్ల రాకపోతే సీటు ఇంకెవరికో వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేమన్నారు.

దానికి వీసా రావాలంటే ఒకటే అడ్డంకి. పిల్ల నా దగ్గరికి రావడానికి తండ్రి ఒప్పుకున్నట్టు అంగీకార పత్రం కావాలి. ఉత్త సంతకం చాలదు, నోటరీ ముద్ర ఉండాలి. పత్రం నేనే టైపు చేయించి రెండు కాపీలు పంపుతున్నాను. ఎలా చేయించాలో వెనక పేజీలో ఎర్ర సిరాతో రాశాను. ఆయన నా ఫోను ఎత్తరు. ఆయన చేత ఏదైనా చేయించగలిగేది ఈ లోకంలో మీరొక్కరే.

ఏడాదిన్నరగా నా బిడ్డ మీ చేతుల్లో ఉంది. ఆ సంగతి నేను మరిచిపోలేదు.

ఇట్లు,
పిచ్చుక తల్లి


మార్చి 19

అమ్మాయికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. పైన అత్తయ్యా అని మొదలుపెట్టి కింద పిచ్చుక తల్లి అని ముగించావు. పైన చుట్టం, కింద పరాయి. సరే, నీ కలం నీ ఇష్టం.

నీ కూతురు బాగుంది. ముందుపన్ను ఒకటి ఊడింది. నీకు పంపిస్తే దానికి జత చేసి ఇస్తావని దాచింది. అదేం కట్టుడు పన్ను కాదే, దానంతటదే వస్తుందని చెప్పినా వినదు. మొండితనంలో మీ ఇద్దరినీ మించిపోయింది.

ఇక పత్రం సంగతి. నేను ఊరుకునే మనిషినా? మర్నాడు పొద్దున్నే మా వాడు టీ గ్లాసు పట్టుకోగానే రెండో చేతికి కలం ఇచ్చాను. చదివాడు. మళ్ళీ చదివాడు. రెండు కాపీల మీదా సంతకం పెట్టి, షర్టు తొడుక్కుని పనికి పోయాడు. ఇంత తేలికా అని నాకే ఆశ్చర్యం వేసింది. రిపేరు షాపులో జిప్పులు వేయాల్సిన ప్రయాణపు పెట్టెలు గుట్టగా ఉన్నా తాళం వేసి, పక్క వీధిలో జిరాక్సు షాపు వెనక గదిలో కూర్చునే నోటరీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి నేను పెట్టుకున్న పేరు స్టాంపమ్మ. ముక్కు మీద కళ్ళజోడు, బల్ల మీద ముద్ర, మొహం మీద నవ్వు మాత్రం లేదు.

పత్రం చూసి, "సంతకం పెట్టిన మనిషేడి?" అంది.

"పనికి వెళ్ళాడండి. నా ఎదురుగానే పెట్టాడు," అన్నాను.

"మీ ఎదురుగా కాదమ్మా, నా ఎదురుగా పెట్టాలి. ముద్ర నాది కదా."

"కన్నతల్లిని, నా మాట చాలదా?"

"రోజూ ఈ కుర్చీలో కన్నతల్లులు చాలామంది కూర్చుంటారు," అంది.

ఆ మాటకి ఒళ్ళు మండింది గానీ, ఏం అంటాం. సంతకాలతో సహా రెండు కాపీలూ వృథా అయ్యాయి. ఆ జిరాక్సు షాపులోనే పనిచేసే అమ్మాయి చేత కొత్తగా టైపు చేయించి నాలుగు కాపీలు తీయించాను. ఈసారి మా వాణ్ణి రెక్క పట్టుకుని తీసుకెళ్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
నీ అత్త (విడాకుల కాగితంలో నాకు ఉద్వాసన చెప్పినట్టు ఎక్కడా లేదు)


ఏప్రిల్ 2

అత్తయ్యకు నమస్కారాలు.

ఎర్ర సిరాతో రాసింది అదే కదా అత్తయ్యా. 'నోటరీ ఎదురుగానే సంతకం పెట్టాలి, ముందే పెట్టి తీసుకెళ్ళకూడదు' అని కింద గీత కూడా గీశాను. మీరు వెనక పేజీ తిప్పలేదా, తిప్పినా చదవలేదా? జిప్పులో ఒక్క పన్ను వంగినా దూరం నుంచే పట్టేసే కళ్ళు మీవి. ఎర్ర గీత కనపడలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

తప్పుగా అనుకోకండి. ఈ పని జరగాలని మీకు నిజంగా ఉందా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే మీరు వెలుతురుకి పట్టి చదువుతారు, అందుకే ఉంచేశాను.

ఆయన గుర్తింపు కార్డు అసలుది తీసుకెళ్ళాలి, కాపీ చెల్లదు. ఊడిన పన్ను భద్రంగా దాచమనండి.

పిచ్చుక తల్లి


ఏప్రిల్ 15

అమ్మాయికి,

గాలి లేదు. అందుకే పని కాలేదు.

రోజూ పొద్దున లేవగానే నేనూ నీ కూతురూ పెరట్లో దండెం మీది బట్టలు చూస్తున్నాం. వేలాడుతున్నాయే తప్ప కదలడం లేదు. నిన్న కాస్త ఊగినట్టుంటే పరుగున వెళ్ళి చూశాను, పక్కింటివాళ్ళు దుప్పటి దులుపుతున్నారు.

గాలి రాగానే పని పూర్తి చేస్తాను. నీ అనుమానానికి జవాబు కూడా అప్పుడే. నోటితో చెప్పే జవాబులు నాకు రావు.

అత్త


ఏప్రిల్ 27

అత్తయ్యకు,

మీ ఉత్తరం ల్యాబులో మధ్యాహ్నం చదివి, ఇంటికి వచ్చి మళ్ళీ చదివాను. గాలి లేదని సంతకం ఆగిపోయిందా? సాకు చెప్పేటప్పుడు కాస్త నమ్మేలా చెప్పాలి అత్తయ్యా. జ్వరమనండి, నోటరీ ఊళ్ళో లేదనండి. నాతో పరాచికాలు ఆడాలనిపించిందా?

పిల్లను వదిలి వచ్చేటప్పుడు మీ షాపు గుమ్మంలో నిలబడి 'నీ బిడ్డను నీకు అప్పజెప్పే పూచీ నాది' అన్నారు. ఆ మాట పట్టుకునే విమానం ఎక్కాను. ఇప్పుడు దండెం మీద బట్టలు కదలడం లేదంటున్నారు.

బడివాళ్ళు మళ్ళీ గుర్తు చేశారు.

పిచ్చుక తల్లి


మే 6

అమ్మాయికి,

ముందు గాలి సంగతి చెప్తాను. నీకు ఎవరూ చెప్పలేదని నాకు తట్టలేదు, తప్పు నాదే. మా వాడు ఇప్పుడు గోదాము పనిలో లేడు. నువ్వు వెళ్ళాక పెద్ద క్రేన్ నడపడం నేర్చుకున్నాడు, కొత్తగా కడుతున్న ఆసుపత్రి దగ్గర పని. పొద్దున్నే నిచ్చెన ఎక్కి పైన గదిలో కూర్చుంటే సాయంత్రం దాకా దిగడు. వాడు దిగేసరికి స్టాంపమ్మ గదికి తాళం, ఆదివారం ఎలాగూ తెరవదు. సెలవు పెట్టమంటే ఒప్పుకోరు, వాడి బదులు పైకెక్కేవాడు ఇంకొకడు లేడు. గాలి గట్టిగా వీస్తే మాత్రం క్రేన్ ఆపేసి దిగిపోమంటారు. కాబట్టి మాకు సెలవు ఇవ్వాల్సింది గాలే. ఇందులో పరాచికం లేదు.

మొన్న గాలి వచ్చింది. దండెం మీది బట్టలు ఊగడం కాదు, ఏకంగా ఎగిరి పక్కింటి గోడ మీద పడ్డాయి. షాపు మూసి, అసలు కార్డు చేతిసంచిలో పెట్టి, మా వాణ్ణి పని దగ్గరే పట్టుకుని తీసుకెళ్ళాను.

స్టాంపమ్మ కార్డు చూసింది, మొహం చూసింది, పత్రం మొత్తం పైకి చదివింది. నేను కలం మూత తీసి వాడి చేతికిచ్చాను. అప్పుడు ఆవిడ అడిగింది. "ఇందులో రాసింది మీకు అర్థమైందా?"

"అయింది."

"ఎవరి బలవంతమూ లేకుండానే సంతకం పెడుతున్నారా?"

ఔను అంటే సరిపోయేది. లోకంలో అందరూ అనే మాట అది. నీ మాజీ మొగుడు, నా సుపుత్రుడు, తల దించుకుని, "లేదండీ. మా అమ్మ బలవంతం మీద వచ్చాను," అన్నాడు.

స్టాంపమ్మ నా చేతిలోంచి మూత తీసుకుని కలానికి పెట్టేసింది.

నేను ఊరుకుంటానా? తొమ్మిది నెలలు మోసినదాన్ని, ఆమాత్రం బలవంతం చేసే హక్కు లేదా అన్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, వీణ్ణి బలవంతం చేయగల మొనగాడెవరో చూపించమన్నాను. ఆవిడ అంతా విని నెమ్మదిగా, "అమ్మా, ఈ కాగితం మీద ఆయన చేయి ఒక్కటే కనపడాలి. నాకు మీ చేయే కనపడుతోంది," అంది.

దారిలో వాణ్ణి తిట్టాను. ఇల్లు చేరేదాకా తిట్టాను. గుమ్మంలో వాడు ఒకే మాట అన్నాడు. "పిల్ల వెళ్ళడానికి ఒప్పుకున్నానని రాసి ఉంది. తిరిగి ఎప్పుడొస్తుందో ఎక్కడుందమ్మా?"

ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇకమీదట ఈ సంతకం గురించి వాణ్ణి ఒక్క మాట కూడా అడగను. నువ్వు కూడా నన్ను అడగొద్దు.

అత్త


మే 16

అత్తయ్యకు,

అర్థమైంది. అడగను అన్నారు, నన్నూ అడగొద్దన్నారు. తలుపు మూయడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు.

మీ అబ్బాయి అన్న మాటలో న్యాయం ఉందో లేదో నేను ఆలోచించే స్థితిలో లేను. రోజంతా ఎవరివో నోళ్ళకు నవ్వులు తయారుచేసి ఇంటికొచ్చి, ఖాళీ మంచం మీద బట్టలు మడతపెట్టుకునే దాన్ని నేను. నా కూతురికి పన్ను ఊడితే నాకు ఉత్తరంలో తెలిసింది. ఇంకో ఏడాది పోతే దానికి నా గొంతు ఫోనులో వచ్చే గొంతుగానే గుర్తుంటుంది.

మీకు పిల్లను పంపడం ఇష్టం లేదు. మొదటినుంచీ లేదు. ముందే సంతకాలు పెట్టించి కాగితాలు పాడుచేయడం, తర్వాత గాలి, ఇప్పుడు మౌనవ్రతం. నేను వకీలుతో మాట్లాడాను. సెలవు పెట్టి వస్తాను, కోర్టుకి వెళ్తాను. ఉద్యోగం పోతే పోనీ. తాడో పేడో తేలాల్సిందే.

ఇట్లు,
పిచ్చుక తల్లి. అంతే.


మే 26

అమ్మాయికి,

నాకు పిల్లను పంపడం ఇష్టం లేదు. నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఈ ఒక్క ముక్క కోసం ఇన్ని ఉత్తరాలు దండగ చేశావు, మొదట్లోనే అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని.

పొద్దున జడ వేస్తుంటే నా మోకాళ్ళ మధ్య కూర్చుని ఎక్కాలు చదువుతుంది. తప్పు చదివితే జడ లాగుతాను, లాగేదాకా తప్పు చదువుతూనే ఉంటుంది. షాపులో తెగిన పెట్టెల్లో దూరి నన్ను వెతకమంటుంది. అది వెళ్ళిపోయాక ఆ ఇంట్లో నేను ఎలా ఉంటానో నాకు తెలియదు. ఇష్టమట.

అయినా పంపుతాను. తల్లి బతికుండగా, తల్లి మంచం వేసి పిలుస్తుండగా, బిడ్డ నాయనమ్మ దగ్గర పెరగకూడదు. షాపు గుమ్మంలో అన్న మాట నాకు గుర్తుంది, నువ్వు గుర్తు చేయనక్కర్లేదు.

వాణ్ణి ఎందుకు అడగనన్నానో కూడా విను. కోపంలో చదివావు కాబట్టి నీకు ఎక్కలేదు. నేను అడిగితే వాడు వస్తాడు. చిన్నప్పటినుంచీ అంతే. నేను చదవమంటే చదివాడు, పెళ్ళి చేసుకోమంటే నిన్ను చేసుకున్నాడు. కానీ నా మాట మీద వచ్చి పెట్టిన సంతకానికి ఆవిడ ముద్ర వేయదు. వేయకూడదు కూడా, కోపం దిగాక నాకూ అదే అనిపించింది. వాడంతట వాడు రావాలి. అందుకు నేను చేయగలిగిన పని ఒక్కటే, నోరు మూసుకోవడం. నా నోరు సంగతి నీకు తెలుసు. జిప్పు వేయలేని నోరు ఇదొక్కటేనని నువ్వే ఎన్నోసార్లు అన్నావు. వేశాను. టీ ఇస్తాను, అన్నం పెడతాను, ఆ ఊసెత్తను. మొన్న వాడే, "అమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని నుదుటి మీద చేయి పెట్టి చూశాడు.

కోర్టుకి రావాలంటే రా. నేనే వచ్చి నీ పక్కన నిలబడి సాక్ష్యం చెప్తాను. కానీ నా మీద కాస్త నమ్మకముంటే, ఇంకో గాలి వచ్చేదాకా ఆగు.

అత్త


జూన్ 12

అమ్మాయికి,

రిజిస్టర్డ్ పోస్టు కవరు తెరిచేటప్పుడు జాగ్రత్త, కత్తెర లోపలికి పోనివ్వకు. అసలుది అందులోనే ఉంది.

గురువారం పొద్దుటినుంచీ గాలి. నేను దండెం వైపు చూడలేదు, షాపు తెరిచి ఒక పెద్ద పెట్టెకి చక్రాలు మారుస్తూ కూర్చున్నాను. ఇంకా పది కాకముందే మా వాడు గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టంతా గాలికి చెదిరి ఉంది.

"ఆ కాగితం ఇంకో కాపీ ఉందా?" అన్నాడు.

బల్ల సొరుగు వైపు గడ్డంతో చూపించాను. తీసుకున్నాడు.

"నువ్వు రావా?"

"నాకు పనుంది," అన్నాను. ఒట్టు, అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. చేతిలో స్క్రూ జారి ఎక్కడో పడింది. వాడు వెళ్ళేదాకా వంగి వెతకలేదు.

తర్వాత ఉండలేకపోయాను. షాపు మూసి వెళ్ళాను, కానీ జిరాక్సు షాపు ముందు రోడ్డు మీదే ఆగాను. లోపల ఏం జరిగిందో అక్కడి అమ్మాయి చెప్పింది. సాక్షి కావాలంటే తనే లోపల కూర్చుందట.

స్టాంపమ్మ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఎవరి బలవంతమూ లేకుండానేనా అని. "ఎవరూ లేరండి. మా అమ్మ ఈ మధ్య ఆ మాటే ఎత్తడం లేదు, నాకు భయంగా కూడా ఉంది," అన్నాడట. ఆవిడ నవ్వడం జిరాక్సు అమ్మాయి మొదటిసారి చూసిందట. "మరి మొన్న బలవంతం మీద వచ్చానన్నవారు ఇవాళ ఎందుకు వచ్చారు?" అందట. వాడు చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నేను చేసే పని బరువులు ఎత్తి దించడం. ఎత్తినదాన్ని ఎక్కడో ఒకచోట దించాలి. పిల్లను ఎంతకాలమని అటూ ఇటూ కాకుండా గాల్లో పట్టుకుని ఉంటాను?"

సంతకానికి ముందు ఒక వాక్యం చేర్చొచ్చా అని అడిగి, కింద తన చేత్తో రాశాడు. చూడు, నాలుగో పేరా తర్వాత ఉంటుంది. ప్రతి ఏడాదీ పెద్ద సెలవులకు పిల్లను తండ్రి దగ్గరికి పంపాలి అని. స్టాంపమ్మ ఆ వాక్యం పక్కన విడిగా సంతకం పెట్టించింది. దానికి నువ్వు కూడా ఒప్పుకుంటున్నట్టు అక్కడి నోటరీ ముందు పత్రం చేయించి పంపాలట. నీకు కోపం వస్తుందేమో తెలియదు. వాడు అడిగింది అదొక్కటే.

బయటికి వచ్చి నన్ను రోడ్డు మీద చూశాడు. "పనుందన్నావు," అన్నాడు. "ఇదే పని," అన్నాను. ఇద్దరం ఇంటిదాకా నడిచాం. గేటు దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. గాలికి దుమ్ము పడిందన్నాడు, నేను ఔనన్నాను.

పత్రం ఇంటికి తెచ్చాక ఇటు తిప్పి అటు తిప్పి చూశాను. వాడి పేరుంది, నీ పేరుంది, పిచ్చుక అసలు పేరుంది, స్టాంపమ్మ పేరుంది, ఆఖరికి జిరాక్సు అమ్మాయి పేరు కూడా ఉంది. నా పేరు ఎక్కడా లేదు. నేను చేసిన పని అదే అమ్మాయీ. లేకుండా ఉండడం. జన్మలో ఇంత కష్టపడి ఏ పనీ చేయలేదు.

చక్రాలు మార్చిన ఆ పెద్ద పెట్టె నీ కూతురిదే. జిప్పు రెండు వరసలు వేశాను.

అత్త


జూన్ 27

అత్తయ్యకు,

ముందు వకీలు సంగతి. వద్దని చెప్పేశాను. మే నెల ఉత్తరం మీరు కోపంలో చింపేసి ఉంటే మంచిది. దాచి ఉంటే ఇప్పుడు చింపేయండి.

ఆయన రాసిన వాక్యం చదివి నాకు కోపం రాలేదు. అది లేకుండా పత్రం టైపు చేయించినప్పుడు నా మంచం ఒక్కటే కళ్ళ ముందు ఉంది, ఆయన వైపు ఆలోచించలేదు. నిన్న భోజనం వేళలో ఇక్కడి నోటరీ దగ్గరికి వెళ్ళాను. ఈయన మీ స్టాంపమ్మకి వరసకి అన్నగారై ఉంటారు, మొహంలో నవ్వన్నదే లేదు. పెద్ద సెలవులకి పిల్లను తండ్రి దగ్గరికి పంపుతానని రాయించాను. రాయించాక నాకే ఒక సందేహం వచ్చింది. ఆయన పొద్దున క్రేన్ ఎక్కి సాయంత్రం దాకా దిగరు కదా. దిగేదాకా పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? అది కూడా రాయమన్నాను.

పేరు అడిగారు. మీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను.

"పిల్లకు నాయనమ్మ. మరి మీకు ఏమవుతారు?"

"అత్తగారు."

విడాకుల కాగితం ఆయన ఎదురుగానే ఉంది. "మాజీ అని రాయాలా?" అన్నారు.

"అత్తగారు అనే రాయండి," అన్నాను.

కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, ముద్ర వేసే ముందు అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఎవరి బలవంతమూ లేకుండానే సంతకం పెడుతున్నారా అని. లేకుండానే అని చెప్పి ఆయన ఎదురుగా సంతకం పెట్టాను.

అసలుది ఈ కవరులోనే పంపుతున్నాను. మంచం మీద బట్టలు తీసేశాను.

మీ కోడలు